మండువాలో గోడ కట్టినవాళ్లకీ, తాళం వేసి వెళ్లినవాళ్లకీ: గోదావరి లోగిళ్ల వారసులకు బహిరంగ లేఖ

అన్నయ్యలకీ వదినలకీ, అక్కచెల్లెళ్లకీ బావలకీ, ఒరే అని పిలిచే చనువున్న పిల్లలందరికీ,

గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో ఓ పెంకుటింటి తాళంచెవి మీ బీరువా సొరుగులో ఉంటే ఈ ఉత్తరం మీకే. తాళంచెవి మీ దగ్గర లేకపోయినా, ఆ ఇంటి ఫొటో ఫోనులో పెట్టుకుని 'మా తాతగారి ఇల్లు' అని స్నేహితులకి చూపిస్తుంటే, అప్పుడూ మీకే.

పోయిన వేసవిలో మా వీధి చివర లోగిలి కూల్చేశారు. జేసీబీ పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెట్టి భోజనాల వేళకి ముగించేసింది. అంతకు మూడు రోజుల ముందే తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు లారీ ఎక్కాయి. కొనుక్కున్నాయన సింహద్వారానికి గోనెసంచులు చుట్టి, పురికొస కట్టి, పెళ్లికూతుర్ని సాగనంపినంత భద్రంగా ఎక్కించుకున్నాడు. మిగిలినదంతా దిబ్బ. ఇంటివాళ్లెవరూ ఊళ్లో లేరు, వీడియో కాల్‌లో చూశారు. చూస్తూ ఏడ్చారట. ఆ సంగతి నాతో చెప్పిన మనిషి చెబుతూనే ఇటుకల లెక్క రాసుకుంటున్నాడు.

తరవాత ఆ ఇంటి అబ్బాయి ఫోను చేసి, "పాతబడిపోయింది పిన్నీ, ఇంక నిలబడేది కాదు" అన్నాడు. వాణ్ని తప్పుపట్టను. ఎక్కడో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఏడాదికోసారి ఊరు. కానీ ఆ 'పాతబడిపోయింది' అన్న మాట నాకు మింగుడుపడలేదు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. సమాధానం తప్పయినా ఊరుకుంటాను గానీ, కారణం తప్పు రాస్తే ఊరుకోలేను. మన లోగిళ్లు పాతబడి పడిపోవడం లేదు. నీళ్లు పోయే దారి మూసేయబట్టి పడిపోతున్నాయి. ఎలా మూశామో మా ఇంటి కథతోనే చెబుతాను. పరువు పోయేది మాది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు.

మా తాతగారు కట్టించిన ఇల్లు గౌతమి పాయకి దగ్గర్లో ఉంది. వీధి అరుగు, సింహద్వారం, లోపలికి వెళితే నడిమిన పైకప్పు లేని వాకిలి, అదే మండువా, దాని చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు, నాలుగు పక్కలా వసారా, గదులు. నాలుగు కప్పులూ లోపలికే వాలి ఉంటాయి, వాన మొత్తం మండువాలోకే పడుతుంది. ఈశాన్యం మూల తూములోంచి బయటి కాలవలోకి పోతుంది. ఇంట్లో గాలి, వెలుతురు, ముగ్గు, వడియాలు, పెళ్లిపీటలు అన్నీ అక్కడే. అయినా మండువా మొదటి పని అందం కాదు, వాననీళ్లు పట్టి బయటికి పంపడం.

మా నాన్న, పెదనాన్న పంచుకున్నారు. పెద్దగొడవేమీ లేదు, మాటా మాటా అనుకోవడం, అంతే. పెద్దమనుషులు కూర్చుని ఇంటిని సరిగ్గా నడిమికి పంచారు. మండువా మధ్య నుంచి సిమెంటు గోడ లేచింది. తూము పెదనాన్న వాటాలోకి పోయింది. గోడ కట్టిన మేస్త్రి అడుగున ఒక్క ఇటుక ఖాళీ వదల్లేదు. వదలమని ఎవరూ అడగలేదు కూడా, ఎందుకంటే అడిగితే లొంగిపోయినట్టు. ఆ ఏడు శ్రావణంలో మా సగం మండువా చెరువైంది. అమ్మ తప్పేలాతో తోడి పెరట్లో పోసేది. నేను ఇంటికొచ్చినప్పుడు నేనూ తోడేదాన్ని. గోడకి అవతల పెద్దమ్మ గిన్నెలు కడుక్కుంటున్న చప్పుడు వినబడేది, నీళ్లు తూములోకి గలగలా పోతున్న చప్పుడూ వినబడేది.

స్తంభాలు నిలబడింది రాతి దిమ్మల మీద. టేకుకి తడి తగలకూడదనే ఆ దిమ్మ పెట్టేది. నీళ్లు దిమ్మ దాటి జానెడు నిలబడితే దిమ్మ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఏడెనిమిది వానాకాలాలు గడిచాక ఒక స్తంభం పాదం వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది. దాని మీద ఆనిన దూలం రెండు వేళ్లు దిగింది. వాసాలు కదిలాయి, పెంకులు జారాయి, పడగ్గది గోడలోకి నీళ్లు దిగాయి. చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ ఒకటే మాట: "ఇల్లు పాతబడిపోయింది కదా!" ఎనభై ఏళ్లు నిలిచిన ఇల్లది. దాన్ని అంతదాకా తెచ్చింది మేము వదలని ఒక్క ఇటుకంత కంత.

ఆ కంత చివరికి అమ్మ పోయిన ఏడు, పెద్దకార్యం ముందురోజు తెరుచుకుంది. వంటలకి, భోజనాలకి మండువా కావాలి, అంతా నీళ్లు. పెదనాన్న కొడుకు, మా పెద్దన్నయ్య, ఎవరికీ ఏమీ చెప్పకుండా గునపం తెచ్చి గోడ అడుగున పొడిచాడు. పదిహేను నిమిషాల్లో నీళ్లు పోయాయి. రెండేళ్ల తరవాత గోడే పోయింది. వాటాలు మాత్రం కాగితం మీద అలాగే ఉన్నాయి. కాగితం మీద ఉంటే ఇంటికేం నష్టం లేదు.

ఇక రెండో తప్పు. ఇది చదువుకున్నవాళ్లు చేసే తప్పు, అంచేత మీలో చాలామంది చేసే ఉంటారు.

మా గోడలు సున్నంతో కట్టినవి, సున్నంతోనే గిలాబా, అంటే పైపూత, చేసినవి. డెల్టా నేల కదా, నాలుగడుగులు తవ్వితే నీరు. పునాది కాస్త తడి పీలుస్తుంది, గోడ ఆ తడిని బయటికి వదిలేస్తుంది, ఎండాకాలం వచ్చేసరికి ఆరిపోతుంది. అడుగున కొద్దిగా పొట్టు రాలడం, దసరాకో సంక్రాంతికో వెల్ల వేయించడం మామూలే. మాకది నచ్చలేదు. 'శాశ్వత పరిష్కారం' కావాలన్నాం. గోడకి నడుమెత్తు దాకా పాత సున్నం చెక్కేసి సిమెంటు పూయించాం, దాని మీద ప్లాస్టిక్ పెయింటు. ఆ ఏడాది ఇల్లు అద్దంలా ఉంది. మరుసటి ఏడు చౌడు, అంటే తడితో పాటు గోడలోంచి తేలే ఉప్పు, సిమెంటు పైఅంచు దాటి క్యాలెండరు మేకు దాకా ఎక్కింది. తడి ఎక్కడికీ పోలేదు, బయటికి వచ్చే దారి లేక పైకెక్కింది. పైకెక్కిన చోట గోడలో దూలం కొసలున్నాయి. దూలాలు నడుమ విరగడం అరుదు, గోడలో దూరిన కొసలే ముందు కుళ్లుతాయి. ఆ కొసలకి తడి ఎక్కడానికి మేమే నిచ్చెన వేసినట్టయింది.

సిమెంటు మీద నాకు పగ లేదు. నా స్నానాలగది సిమెంటే. గట్టిగా, కదలకుండా, తడి పోనివ్వకుండా ఉండే కట్టడానికి అది మంచిదే. మన పాత గోడ తీరు వేరు. అది ఎండకీ వానకీ కొద్దికొద్దిగా కదులుతుంది, తడి పీల్చి వదులుతుంది. మెత్తటి ఇటుక మీద గట్టి సిమెంటు పూస్తే, కదిలినప్పుడల్లా నష్టపోయేది ఇటుకే. సున్నం అలా కాదు. కాల్చిన సున్నాన్ని నీళ్లలో నానబెట్టి గోడకి పూస్తే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెమ్మదిగా తిరిగి రాయిగా మారుతుంది. తొందరపడదు. సన్నటి బీటలొస్తే కొంతవరకు తనే పూడ్చుకుంటుంది.

ఈ పని తెలిసిన మేస్త్రి దొరకడానికి మాకు ఏడు నెలలు పట్టింది. దొరికినాయన డెబ్భై దాటిన మనిషి, గుళ్ల పనులు చేసేవాడు. పాత ఇళ్ల గురించి మాట్లాడేవాళ్లెవరూ సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారన్న ప్రస్తావన తేకుండా ఉండలేరు కదా, నేనూ తెచ్చాను. "గుడ్ల సంగతి తరవాతమ్మా, ముందు సున్నం నానబెట్టించండి" అన్నాడు. పెరట్లో గొయ్యి తీయించి గుల్లసున్నం పోసి నీళ్లు కట్టాడు. అది బుసబుసమని పొంగి చల్లారాక గోనెలు కప్పి, నెలకి పైగా ముట్టుకోనివ్వలేదు. రోజూ పొద్దున్నే వచ్చి గోనె ఎత్తి, వేలితో తీసి బొటనవేలికి రాసి చూసుకునేవాడు, మజ్జిగలో వెన్న తేలిందా లేదా అని చూసినట్టు. తరవాత ఇసక, ఇటుకపొడి, బెల్లం నీళ్లు, కరక్కాయ ఊరిన నీళ్లు. గానుగ తిప్పడానికి ఎడ్లు లేవు గనక మోటారుతోనే కలిపాం. మా శివాలయం పక్కన పాత గానుగ రాయి ఇంకా పడి ఉంది, సాయంత్రాలు కుర్రాళ్లు దానిమీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు.

ముందు సిమెంటంతా కొట్టించాం. కొట్టాక వెంటనే పూయనివ్వలేదాయన. ఒక వేసవంతా గోడని ఉత్తి ఇటుకతో వదిలేయమన్నాడు. ఉప్పు పైకి తేలినప్పుడల్లా పొడిబ్రష్షుతో దులిపించాడు. ఆ నాలుగు నెలలూ ఇంటికొచ్చినవాళ్లకి జవాబు చెప్పలేక చచ్చాను. 'బాగుచేయిస్తానని చెప్పి ఇల్లు పీకేసిందేవిటి' అని వాళ్ల మొహాల్లో కనబడేది. కార్తీకం దాటాక పల్చటి పూతలు మొదలయ్యాయి. ఒక పూత ఆరాకే ఇంకోటి. ఇప్పుడు ఆ గోడ మీద చెయ్యి వేస్తే మే నెలలో కూడా చల్లగా ఉంటుంది. అడుగున కొద్దిగా పొట్టు రాలుతుంది. రాలనీ.

దూలాల మాటకొస్తే, మార్చాలన్న వడ్రంగి మాట వినకండి, కనీసం మొదటిసారే వినకండి. మాది కొస ఒక్కటే పాడైంది. పాడైనంత మేర కోసి, పాత టేకు ముక్క అతికి, రెండు పక్కలా ఇనపబద్దలు పెట్టి బోల్టులు బిగించారు. అతుకు కనబడుతుంది. కనబడితే నామోషీ ఏమీ లేదు, మోకాలి ఆపరేషను మచ్చ నాకూ ఉంది.

కప్పు గురించి చెప్పాల్సింది తక్కువే, చేయాల్సింది ఎక్కువ. పెంకుటిల్లు ఏడాదికోసారి మనిషి పైకెక్కాల్సిన ఇల్లు. కోతి ఒక్క పెంకు కదిపితే, ఆ కంతలోంచి దిగిన నీళ్లు రెండేళ్లలో పెంకు కింది రీపరు బద్దని తింటాయి, అయిదేళ్లలో వాసాన్ని. మండువా నాలుగు మూలల్లో రెండు వాలులు కలిసేచోట నీళ్లు ఎక్కువ. అక్కడ వేసిన రేకు తుప్పుపడితే కిందనుంచి చూసినా తెలియదు. 1996 నవంబరు తుపానులో మా కొబ్బరితోట నేలమట్టమైంది, ఇంటిమీద సగం పెంకు ఎగిరిపోయింది, వాసాలు మాత్రం కదల్లేదు. పక్కరోజు ఊళ్లో ఎవరికి దొరికిన పెంకు వాళ్లు ఏరి తెచ్చుకున్నారు. ఎవరి పెంకు ఎవరి కప్పుమీద ఉందో ఇప్పటికీ తెలీదు. అంత గాలిని తట్టుకున్న ఇల్లు తాళం వేసిన పదేళ్లలో కూలిపోతోందంటే ఆ నేరం గాలివానది కాదు. ఏటా పెంకు సర్దించడానికి మాకయ్యే ఖర్చు, హైదరాబాదులో మా అబ్బాయి ఫ్లాటుకి కట్టే మూడునెలల మెయింటెనెన్సు. వాడికి ఆ లెక్క చెప్పిన రోజు నుంచి ఖర్చు వాడే పంపుతున్నాడు.

ఇప్పుడు మీలో కొందరు మనసులో అనుకుంటున్నది నాకు తెలుసు. "ఇదంతా వారసత్వ సంపద కదా, ప్రభుత్వం చూసుకోవాలి." చూసుకోదు. ఇల్లు వందేళ్లు నిండితే దానంతటదే రక్షిత కట్టడం అయిపోదు. 1958 నాటి కేంద్ర చట్టమైనా, 1960 నాటి రాష్ట్ర చట్టమైనా ప్రభుత్వం పేరుపెట్టి ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తుంది. విజయనగరంలో గురజాడ వారి ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు నిలిచాయంటే అక్కడ వాళ్లు బతికారు కాబట్టి. మన ఇళ్లలో అంతటివాళ్లెవరూ పుట్టలేదు. మహా అయితే ఒక మునసబు గారు, ఇద్దరు ప్లీడర్లు.

చట్టం ఉన్నచోట కూడా అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. హైదరాబాదులో 1995లో వారసత్వ కట్టడాలకని ఒక నిబంధన తెచ్చారు, పెద్ద జాబితా కూడా వేశారు. ఇరవై ఏళ్లు నడిచాక 2015లో ఆ నిబంధన ఎత్తేశారు. 2017లో తెలంగాణకి కొత్త చట్టం వచ్చింది. ఆ తరవాత రెండేళ్లకే, అంటే 2019లో, ఎర్రమంజిల్ భవనాన్ని పడగొట్టి అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. కోర్టుకెళ్లినవాళ్లలో ఆ ఇల్లు కట్టించిన నవాబు ఫక్రుల్‌ముల్క్ వారసులూ ఉన్నారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ ఇల్లు ఏనాడో వాళ్ల చేతుల్లోంచి పోయింది, అయినా వెళ్లారు. మనకి ఇల్లూ మనదే, తాళమూ మనదే. కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు, నిచ్చెన ఎక్కితే చాలు.

మన పక్కనే యానాం ఉంది కదా, అది పుదుచ్చేరి పాలనలోది. ఆ పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి అని ఒకటుంది. వీధి మొత్తం పాత తమిళ ఇళ్లు. ఇంటివాళ్లు కొంత పెట్టుకుంటే, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ, ఐరోపా సంఘం ఇచ్చిన నిధులు కొంత కలిపి, ముందు అరుగులు, తిన్నెలు, వీధివైపు కప్పులు సరిచేయించారు. 2008లో యునెస్కో ఆ వీధికి అవార్డు ఇచ్చింది. అదే పుదుచ్చేరిలో పంతొమ్మిదో శతాబ్దపు టౌన్‌హాలు, మేరీ భవనం అంటారు, పట్టించుకునేవాళ్లు లేక 2014 నవంబరు వానలకి కుప్పకూలింది. మళ్లీ అచ్చం అలాగే కట్టారు, కోట్లు పోసి. ప్రభుత్వంలో ఈ ఉత్తరం చదివేవాళ్లెవరైనా ఉంటే ఒక్కటే అడుగుతాను: కోనసీమ ఇళ్ల బొమ్మలు పర్యాటకం పోస్టర్ల మీద వేయడానికి ముందు, మరమ్మతుకి వైశ్యాల్ వీధిలోలాగా కొంత సాయం, సున్నం పని నేర్పే చిన్న బడి ఒకటి ఏర్పాటు చేయండి. మా మేస్త్రికి శిష్యుడు లేడు. ఇంతకుమించి వాళ్లకి రాయను. ఈ ఉత్తరం మీకు.

తలుపుల మాట ఒకటుంది. లోగిలి పడగొట్టేటప్పుడు 'తలుపొక్కటి జ్ఞాపకంగా ఉంచుకుందాం' అంటారు. డల్లాస్‌లో ఉండే మా మేనకోడలు కూడా అడిగింది, షిప్‌లో పంపిస్తావా అత్తా అని. 1972 నాటి పురావస్తువుల చట్టం చదవమన్నాను. వందేళ్లు దాటిన కట్టడంలోంచి విడదీసిన వస్తువు కూడా ఆ చట్టం దృష్టిలో పురావస్తువు కావచ్చు. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి. లారీ తెచ్చినాయన్ని లైసెన్సు అడిగినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు, నేనూ అడగలేదు, ఆ సిగ్గు నాకుంది. తమిళనాడులో చెట్టినాడు ఊళ్లని భారతదేశం 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చింది. అదే చెట్టినాడు కారైకుడిలో కూలిన ఇళ్ల తలుపులూ స్తంభాలూ అమ్మే దుకాణాల వీధి ఉంది. ఒక ఇంటికి పదుల కొద్దీ వాటాదారులుండటం అక్కడ మామూలు. ఇల్లు ఒక్కరి వల్ల నిలబడదు, అమ్మడానికి మాత్రం అందరూ ఒప్పుకుంటారు. మనమూ ఆ దారిలోనే ఉన్నాం.

కాబట్టి మేస్త్రికి ఫోను చేసేముందు వాటాదారుల జాబితా రాయండి. అందులో ఆడపిల్లల పేర్లు రాయండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా దేశమంతటికీ 2005లో వచ్చింది గానీ, మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకి 1980ల నడుమే వచ్చేసింది. అయినా మా ఇంట్లో మరమ్మతు మాటలు జరిగినప్పుడు నన్ను వంటింట్లోంచి పిలిచింది చివర్న, సంతకానికి. తగువు తేలాక బాగుచేద్దామని కూర్చోకండి. తగువు పదేళ్లు ఆగగలదు, కప్పు రెండు వానాకాలాలు ఆగలేదు. వాటాలు ఎలా తేలినా, అప్పటిదాకా పెంకు, తూము, కరెంటు ఈ మూడింటి ఖర్చు అందరం సమానంగా పెట్టుకుంటామని తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. మేం రాసుకున్న కాగితం అలమరలో ఉంది, కావలసినవాళ్లకి ఫొటో పంపుతాను.

ఈ ఇళ్లని దేవుడి గదిలో పెట్టి పూజించమని నేననను. ఎలా వచ్చాయో తెలిస్తే అలా అనలేం కూడా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారి, రెండు పంటలు పండి, ధాన్యం డబ్బుతో లేచిన ఇళ్లు మనవి. టేకు ఏజెన్సీ నుంచి గోదావరి మీద తేలుతూ వచ్చింది, కొంత బర్మా నుంచి ఓడల్లో. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో మొదలుపెట్టిన పెంకు మన ఊళ్లకీ వచ్చి కుమ్మరి పెంకుని పక్కకి నెట్టింది. ఆ టేకు మోసినవాళ్లు, ఆ సున్నం తొక్కినవాళ్లు, ఆ ధాన్యం పండించినవాళ్లు ఇల్లు పూర్తయ్యాక అరుగు దాటి లోపలికి రాలేదు. రానివ్వలేదు. మా పెరటి గుమ్మం పక్కన గోడలో ఒక గూడుంది. పాలేరు గ్లాసు పెట్టుకునే గూడది. గిలాబా చేసేటప్పుడు మేస్త్రి 'ఇది పూడ్చేయమంటారా' అని అడిగాడు. వద్దన్నాను. అది అక్కడే ఉండాలి. ఇప్పుడు పనివాళ్లు, చుట్టాలు అందరం సింహద్వారంలోంచే వస్తాం, మండువాలోనే తింటాం. మా మనవరాలు ఆ గూడేమిటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఇల్లు కూల్చేస్తే ఆ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు.

మార్పులూ చేసుకోండి, భయపడకండి. పెరటివైపు రెండు స్నానాలగదులు కట్టించుకున్నాం, పాత గోడకి ఆనించకుండా రెండడుగులు ఎడంగా, పైపులన్నీ బయటి నుంచి. తాతల నాటి చెక్క కేసింగు వైరింగు మొత్తం పీకేయించాం, అది అందం కాదు, నిప్పు. వంటింట్లో గట్టు, గ్యాసు, చిమ్నీ ఉన్నాయి. పిల్లలకి ఒక గదిలో ఏసీ ఉంది. ఒక్కటి మాత్రం చేయకండి. కోతులొస్తున్నాయనో, వాన పడుతోందనో మండువా మీద ప్లాస్టిక్ రేకు కప్పించకండి. మా పక్కింటివాళ్లు కప్పించారు, ఇప్పుడు మధ్యాహ్నం వాళ్లంతా మా ఇంట్లో కూర్చుంటున్నారు. వేడిగాలి పైకి పోయే దారి అదొక్కటే. కోతులకైతే ఇనప వల బిగించండి, వానా పడుతుంది, గాలీ వస్తుంది.

ఎంత చేసినా నిలబెట్టలేని ఇళ్లుంటాయి. వారసుల్లో ఎవరికీ శక్తి లేకపోవచ్చు, కప్పు ఇప్పటికే దిగిపోయి ఉండవచ్చు. కూల్చక తప్పకపోతే కూల్చండి, కానీ జేసీబీకి ముందు రెండు రోజులు వెచ్చించండి. టేపు పట్టి కొలతలు రాయండి, ప్రతి గదీ నాలుగు మూలల నుంచి ఫొటో తీయండి, ఏ కలప ఎక్కడుందో వడ్రంగిచేత గుర్తులు పెట్టించండి. పెంకు పగలగొట్టకుండా దింపించి, చుట్టుపక్కల లోగిళ్లవాళ్లకి కబురు పెట్టండి. మా వీధి చివరి ఇంటి పెంకు దిబ్బలో కలిసిపోయింది. అదే అచ్చు పెంకు కోసం నేను ఆ ఏడు రాజమండ్రి, రావులపాలెం, పిఠాపురం తిరిగాను, ఇంటికి రెండువందల గజాల దూరంలో ఉండగా.

రెండు మాటలు చెప్పి ఆపుతాను. మా పెంకు నేసే ఆయన మే నెల మూడోవారంలో మా ఊళ్లో పది రోజులుంటాడు. మేస్త్రి తాత ఒంట్లో బాగుంటే వచ్చి ఇల్లు చూస్తానన్నాడు, కారు పంపాలి, మెట్లు ఎక్కించకూడదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందే కనుక్కుని రండి. కిందటిసారి ఒకాయన బెంగుళూరు నుంచి వచ్చాక తెలిసింది, తాళంచెవి బెంగుళూరులోనే ఉండిపోయిందని. నిచ్చెన మా ఇంట్లో ఉంది.

మీ,
ఒక లోగిలి వాటాదారు